దెబ్బ తిన్న కాలికి మంచి కాలే కొలత: కబడ్డీ ఆడేవాళ్ల కోసం

భోగి నుంచి ముక్కనుమ దాకా మా కోనసీమలోనూ, వశిష్ఠకు అవతల నరసాపురం, పాలకొల్లు వైపూ రాత్రిళ్లు లైట్లు పెట్టి కబడ్డీ ఆడతారు. పండగ వెళ్లిన వారానికి నా దగ్గరకు వరసగా వస్తారు. ఒకడు కుంటుకుంటూ, ఒకడు చెయ్యి తువ్వాలుతో మెడకు వేలాడదీసుకుని, ఇంకొకడు వాళ్ల నాన్న బండి వెనక కాలు చాపుకుని కూర్చుని. అడిగే మాట మాత్రం అందరిదీ ఒకటే: "శివరాత్రికి ఆడొచ్చా అండి?"

తేదీ చెప్పి పంపేయడం తేలికే. కానీ అలాంటి తేదీని నమ్మే నేను ఒక మోకాలు పోగొట్టుకున్నాను. పంతొమ్మిదేళ్లప్పుడు నేను రైడర్‌ని. సంక్రాంతి మ్యాచ్‌లో కూతకు వెళ్లి తిరిగి వస్తుంటే కార్నర్‌లో ఉన్న కుర్రాడు చీలమండ పట్టాడు, పాదం మ్యాట్‌కి అతుక్కుపోయింది, ఒళ్లు మాత్రం గీత వైపు తిరిగింది, మోకాలి లోపల టక్‌మని శబ్దం వినపడింది. ఇంటికి వెళ్లేసరికి మోకాలు బూరెలా ఉబ్బింది. పక్క ఊళ్లో ఒకాయన నూనె రాసి తోమి కట్టు కట్టాడు, మూడు వారాలకు నొప్పి పోయింది, శివరాత్రికి ఆడేశాను. రెండో కూతలోనే మోకాలు పక్కకి జారిపోయింది. ఆ రోజు లిగమెంట్‌తో (కీలులో ఎముకల్ని కలిపి పట్టుకునే పట్టీ) పాటు లోపలి మెత్త, అంటే మెనిస్కస్ కూడా చిరిగింది. ఆపరేషన్, తర్వాత వ్యాయామాలు, మొత్తం రెండేళ్లు పోయాయి. ఆ రెండేళ్లలోనే ఫిజియోథెరపీ చదవాలని నిర్ణయించుకున్నాను.

అప్పుడు నాకు ఎవరూ చెప్పని ఒక్క సంగతి మీకు ముందే చెప్పేస్తాను. నొప్పి పోయిందా లేదా అన్నది కొలత కాదు, ఎన్ని వారాలైందన్నదీ కొలత కాదు. మీకు ఇంకో కాలు ఉంది, ఇంకో చెయ్యి ఉంది. దెబ్బ తిన్నది దానితో సమానంగా పని చేస్తోందా అన్నదే చూడాలి. కింద రాసినదంతా ఆ పోలిక ఎలా చెయ్యాలి, అంతవరకూ ఎలా రావాలి అన్నదే.

ఆట ఆగిన మొదటి పది నిమిషాలు

ముందు తల సంగతి. కవర్ డిఫెండర్లు ఇద్దరు ఒకేసారి డ్యాష్ కొట్టబోయి (రైడర్‌ని గుద్ది బయటికి నెట్టబోయి) తలలు గుద్దుకోవడం మన ఆటలో చాలా మామూలు. స్పృహ తప్పితేనే తలకు దెబ్బ తగిలినట్టు అనుకుంటారు, అది తప్పు. కంకషన్, అంటే దెబ్బకు మెదడు అదరడం, అయిన వాళ్లలో ఎక్కువమంది స్పృహ తప్పరు. వాడు తేడాగా చూస్తున్నా, స్కోరెంతో చెప్పలేకపోతున్నా, తూలుతున్నా, అడిగిందే మళ్లీ అడుగుతున్నా, తల పట్టేసినట్టుంది అన్నా, ఆ రోజుకి వాడి ఆట అయిపోయినట్టే. "ఓ ఐదు నిమిషాలు కూర్చుని వస్తాడులే" అనే మాట ఒప్పుకోవద్దు. వాంతులు మళ్లీ మళ్లీ అవుతున్నా, తలనొప్పి పెరుగుతూ పోతున్నా, మత్తుగా పడిపోతున్నా, ఫిట్స్ వచ్చినా, ఒక చెయ్యో కాలో బలహీనపడినా, ముక్కులోంచో చెవిలోంచో నీరులా కారుతున్నా వెంటనే 108కి ఫోన్ చేసి స్కానింగ్ ఉన్న ఆస్పత్రికి తీసుకెళ్లాలి. మెడ నొప్పి అంటే, చేతులు తిమ్మిరెక్కాయంటే అసలు లేపకండి. నలుగురు పట్టుకుని ఎత్తి అరుగు మీద పడుకోబెట్టడం ప్రేమతోనే చేస్తారు కానీ మెడ ఎముక విరిగి ఉంటే ఆ ఎత్తడమే ప్రమాదం.

తలకు తగిలాక మొదటి ఒకటి రెండు రోజులు తేలిగ్గా ఉండాలి, ఫోన్ తక్కువ చూడాలి. ఆ తర్వాత చీకటి గదిలో పడుకోబెట్టక్కర్లేదు. మెల్లగా నడక, తర్వాత తేలిక పరుగు, తర్వాత ఒంటరిగా ఆట కదలికలు, ఆ తర్వాత ఒళ్లు తగలని ప్రాక్టీసు. ఒక్కో మెట్టుకీ కనీసం ఒక రోజు పూర్తిగా ఇవ్వాలి, లక్షణాలు ఎక్కువైతే ఒక మెట్టు కిందకు దిగాలి. ఒళ్లు ఒళ్లు తగిలే ప్రాక్టీసుకు ముందు డాక్టర్ చూసి సరే అనాలి. స్కూలు పిల్లలకు ఇంకా ఎక్కువ టైమ్ పడుతుంది, చాలామందికి నాలుగు వారాల దాకా కూడా. తలకు మాత్రం పోల్చుకోవడానికి రెండోది లేదు, అందుకే ఇక్కడ తొందర అసలు పనికిరాదు.

గూడ, అంటే భుజం కీలు, జారితే గ్రౌండ్‌లో లాగడం ఆపండి. సీనియర్ ఒకడు కాలు చంకలో పెట్టి లాగుతాడు, చుట్టూ అందరూ చూస్తుంటారు. గూడ లోపలికి వెళ్తుంది కూడా, కాదనను. కానీ పక్కనే పెద్ద నరమూ రక్తనాళమూ ఉన్నాయి, ఎముక అంచు విరిగి ఉందో లేదో కంటికి కనపడదు. చేతిని ఉన్న పొజిషన్‌లోనే తువ్వాలుతో కట్టి, ఎక్స్‌రే తీసి పెట్టే చోటికి తీసుకెళ్లండి.

చీలమండకు ఎక్స్‌రే కావాలా వద్దా అన్నదానికి కెనడా డాక్టర్లు 1992లో ఒక తేలికైన పద్ధతి చెప్పారు, ఒట్టావా రూల్స్ అంటారు. దెబ్బ తగిలిన వెంటనే, తర్వాత డాక్టర్ చూసేటప్పుడు కూడా నాలుగు అడుగులు వెయ్యలేకపోతే ఎక్స్‌రే తీయించాలి. చీలమండకు రెండు పక్కలా బయటికి కనపడే ఎముక వెనక అంచున, చివర నుంచి 6 సెంటీమీటర్ల మేర వేలితో నొక్కితే ఎముక మీద నొప్పి ఉంటే తీయించాలి. చిటికెన వేలి వైపు పాదం మధ్యలో తగిలే బుడిపె దగ్గర, లోపలి వైపు పాదం వంపు పైన ఉండే ఎముక దగ్గర నొక్కితే నొప్పి ఉన్నా అంతే. ఇవేవీ లేకపోతే బెణుకే అయ్యే అవకాశం చాలా ఎక్కువ.

ఐస్, కట్టు, తోమడం

మన వైపు ఐస్‌కి కొదవ లేదు, రొయ్యల పట్టుబడి రోజున ఏ చెరువు గట్టు మీద అడిగినా డబ్బా నిండా ఇస్తారు. కవర్లో వేసి, తడి తువ్వాలు చుట్టి, 15 నిమిషాలు పెట్టండి, రెండు మూడు గంటలకోసారి. చర్మానికి నేరుగా తగలనివ్వకండి. ఐస్ పని నొప్పి తగ్గించడం వరకే. ఐస్, రెస్ట్ సూత్రాన్ని 1978లో జనంలోకి తెచ్చిన అమెరికన్ డాక్టర్ గేబ్ మిర్కినే 2014లో, ఐసూ పూర్తి విశ్రాంతీ మానడాన్ని ఆలస్యం చెయ్యొచ్చని రాశారు. కాబట్టి మొదటి రోజో రెండు రోజులో నొప్పికి వాడుకోండి, పది రోజులు ఐస్ పెట్టి మంచం మీద ఉండకండి.

క్రేప్ బ్యాండేజ్ వేళ్ల వైపు నుంచి పైకి చుట్టాలి, కాలు గుండె కన్నా ఎత్తులో పెట్టుకోవాలి. వేళ్లు నీలంగా మారినా, చల్లబడినా, తిమ్మిరెక్కినా అర్ధరాత్రయినా విప్పేయాలి. ఇది పుత్తూరు కట్టుకీ వర్తిస్తుంది. నాటు కట్టు కట్టించుకోవద్దని నేను చెబితే మా ఊళ్లో సగం మంది వినరు, అందుకని ఇంతే అడుగుతాను: ముందు ఎక్స్‌రే తీయించండి, కట్టు బిగుతుగా ఉండి వేళ్లు కదిపితే భరించలేని నొప్పి వస్తుంటే తెల్లారేదాకా ఆగకండి. లోపల ఒత్తిడి పెరిగి రక్తం ఆడకపోతే కొన్ని గంటల్లోనే కండ చచ్చిపోతుంది, ఆ చెయ్యి మళ్లీ మామూలుగా రాదు.

తోమడం గురించి మాత్రం గట్టిగానే చెబుతాను. ఎదుటివాడి మోకాలు తొడకు గుద్దుకుని కండ కమిలిపోయినప్పుడు, నడవలేనంత పట్టేసినప్పుడు, ఇంట్లోవాళ్లు వేడి నూనెతో తోమేస్తారు, కాపడం పెడతారు. మొదటి రోజుల్లో అలా చేస్తే లోపల రక్తం ఇంకా కారుతుంది. గట్టిగా తోమిన తొడలో ఆ గడ్డ కొన్ని వారాలకు ఎముకలా గట్టిపడే ప్రమాదం ఉంది, నేను ముగ్గురిలో చూశాను. దాని బదులు, దెబ్బ తగిలిన గంటలోపే మోకాలు నొప్పి భరించగలిగినంత మడిచి, క్రేప్‌తో అలాగే చుట్టి, మధ్యమధ్యలో తీస్తూ మొదటి రోజంతా ఉంచగలిగితే తొడ పట్టేయడం బాగా తగ్గుతుంది. మర్నాటి నుంచి మెల్లగా మడవడం, చాపడం.

నొప్పి ఇంజెక్షన్ చేయించుకుని సెమీఫైనల్ ఆడటం మన టోర్నమెంట్లలో ఉంది. నొప్పి తెలియకుండా తెగిన లిగమెంట్ మీద దూకుతారు. ఇంజెక్షన్ నొప్పిని ఆపుతుంది, లిగమెంట్‌ని అతికించదు. దయచేసి వద్దు.

మోకాలు

దీని మీద ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఆట మాన్పించేది ఎక్కువగా ఇదే.

టక్‌మన్న శబ్దం, ఒకటి రెండు గంటల్లోనే వచ్చిన వాపు, తర్వాత నడుస్తుంటే మోకాలు జారినట్టు అనిపించడం. ఈ మూడూ ఉంటే ఏసీఎల్, అంటే మోకాలి నడిమధ్యలో ఉండే ముఖ్యమైన లిగమెంట్, తెగిందనే అనుమానించాలి. అంత త్వరగా వచ్చే వాపు మామూలు నీరు కాదు, కీలు లోపల కారిన రక్తం. ఎక్స్‌రేలో లిగమెంట్ కనపడదు, "ఎముక బాగానే ఉంది" అన్నారంటే ఎముక వరకే బాగుందని అర్థం. చెయ్యి పెట్టి పరీక్ష చేయగలిగే ఎముకల డాక్టర్‌నో ఫిజియోనో కలవండి, వాళ్లు చెబితే ఎంఆర్‌ఐ తీయించండి.

ఆపరేషన్ అందరికీ తప్పనిసరి కాదు. గట్టు మీద నడిచి, బండి నడుపుకుని బతికేవాళ్లు కొందరు కండలు గట్టిపరచుకుని హాయిగా ఉంటారు. మలుపులు తిరిగే ఆట మళ్లీ ఆడాలంటే, లేదా మోకాలు పదేపదే జారుతుంటే, చాలామందికి ఆపరేషన్ చేస్తారు. చేయించుకున్నా చేయించుకోకపోయినా మొదటి నెల పని మాత్రం ఒకటే: వాపు తగ్గించడం, కాలు పూర్తిగా చాపగలగడం, తొడ ముందు కండను లేపడం. వాపు, బిగుతు ఉన్న మోకాలికి ఆపరేషన్ చేస్తే తర్వాత బిగుసుకుపోయే అవకాశం ఎక్కువ, అందుకే డాక్టర్లు చాలాసార్లు కొన్ని వారాలు ఆగమంటారు. ఆ వారాలు ఖాళీగా గడపకండి.

కాలు చాపడం ఎలాగంటే, మంచం మీద కూర్చుని మడమ కింద తువ్వాలు మడత పెట్టి, మోకాలి కింద ఏమీ లేకుండా పది నిమిషాలు వదిలేయాలి, రోజుకు మూడు నాలుగు సార్లు. అందరూ చేసే తప్పు ఏంటంటే హాయిగా ఉందని మోకాలి కింద దిండు పెట్టుకోవడం. ఆ దిండుతో నెల రోజులు గడిపితే కాలు కొంచెం వంగినట్టే ఉండిపోతుంది, కుంటు పోదు. రెండు కాళ్లూ సమానంగా చాపుకుంటున్నాయా అని చూడాలంటే బోర్లా పడుకుని మోకాళ్ల కింది భాగం మంచం బయటకు వేలాడదీయండి, ఇంట్లో ఒకరిని రెండు మడమల ఎత్తు చూడమనండి. ఒక మడమ పైకి ఉందంటే ఆ కాలు ఇంకా పూర్తిగా చాపుకోవడం లేదు.

తొడ కండ కోసం మోకాలి కింద చిన్న తువ్వాలు చుట్ట పెట్టి దాన్ని మోకాలితో మంచానికి నొక్కండి, ఐదు సెకన్లు, పదిహేను సార్లు, రోజులో ఐదారు విడతలు. కండ బిగుస్తుందో లేదో వేళ్లతో తాకి మంచి తొడతో పోల్చండి. మొదట్లో అసలు బిగుసుకోదు, భయపడకండి. కీలులో నీరు ఉన్నంతకాలం నరాలే ఆ కండను పూర్తిగా పని చెయ్యనివ్వవు, బద్ధకం వల్ల కాదు. అందుకే నీరు తగ్గించడం ముఖ్యం. నీరు ఉందో లేదో ఇంట్లోనే చూసుకోవచ్చు: కాలు చాపి, మోకాలి చిప్ప లోపలి పక్కన అరచేత్తో రెండు మూడు సార్లు పైకి తుడవండి, తర్వాత బయటి పక్కన పైనుంచి కిందకు ఒకసారి తుడవండి. లోపలి పక్క గుంటలో అల లాగా ఉబ్బితే నీరు ఇంకా ఉంది. కాలు చాచి మడమ పైకెత్తినప్పుడు మోకాలు వంగకుండా పది సార్లు లేపగలిగితే ఊతకర్ర వదిలేసే దారిలో పడ్డట్టే, ఆపరేషన్ అయి ఉంటే ఎప్పుడు వదలాలో సర్జన్‌ని అడిగి వదలండి.

మన ఇళ్ల సంగతి ఒకటి. నేల మీద బాసింపట్టు వేసుకుని భోజనం, కింద కూర్చునే దొడ్డి, బండి కిక్ కొట్టడం, ఈ మూడూ మొదటి మూడు నెలల్లో మోకాలిని చెడగొట్టేవే. ప్లాస్టిక్ కమోడ్ కుర్చీ కొనుక్కోండి, లేకపోతే అద్దెకు దొరుకుతుందేమో మెడికల్ షాపులో అడగండి. కుడి కాలైతే వెనక బ్రేకు, ఎడమ కాలైతే గేరు, ఏదైనా సరే డాక్టర్ చెప్పేదాకా బండి తోలవద్దు. చెరువు కాపలా ఉద్యోగమైతే రాత్రి తడి గట్టు మీద మేత వేసే పని ఇంకొకరికి అప్పగించండి, ఆ జారుడు మట్టిలో జారితే వేసిన లిగమెంట్ మళ్లీ తెగొచ్చు. పిక్క ఒకవైపే వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే అది వ్యాయామం నొప్పి అనుకోకండి, రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు, ఆ రోజే ఆస్పత్రికి వెళ్లండి. ఊపిరి అందకపోతే 108.

ఆపరేషన్ అయిన రెండు మూడు నెలలకు ఒక ప్రమాదకరమైన రోజు వస్తుంది. నొప్పి ఉండదు, వాపు ఉండదు, కుంటు ఉండదు, అమ్మ కూడా "నయమైపోయిందిరా" అంటుంది. సరిగ్గా ఆ సమయంలోనే లోపల పెట్టిన కొత్త లిగమెంట్ చాలా బలహీనంగా ఉంటుంది, ఎందుకంటే అది ఒంటి రక్తప్రసరణతో కలిసి కొత్తగా అల్లుకునే దశలో ఉంటుంది. బాగున్నట్టు అనిపించే ఆ రోజుల్లోనే కుర్రాళ్లు గ్రౌండ్‌లో దిగుతారు.

అప్పుడు చెయ్యాల్సింది బలం పెంచడం. అరుగు మెట్టు ఎక్కి దిగడం, గోడకు ఆనుకుని సగం కూర్చోవడం, నేల మీద వెల్లకిలా పడుకుని నడుము పైకెత్తడం, ఒంటి కాలి మీద మడమలు లేపడం. తేలికైపోయాక చేతిలో లీటరు నీళ్ల సీసాలు, తర్వాత భుజం మీద బియ్యం సంచి. వారానికి మూడు రోజులు బరువు, మధ్యలో సైకిలు. తొడ వెనక కండ తాడు (టెండన్) తీసి కొత్త లిగమెంట్‌గా వేసి ఉంటే ఆ వెనక కండ వ్యాయామాలు ఎప్పుడు మొదలెట్టాలో ఫిజియో చెప్పాలి, తొందరపడితే అక్కడ చిరుగుతుంది.

వ్యాయామం ఎక్కువైందో తక్కువైందో ఆ సాయంత్రమే తేల్చకండి, మర్నాడు పొద్దున్న చూడండి. పదిలో మూడు వరకు నొప్పి చేసేటప్పుడు ఉంటే ఫర్వాలేదు, తెల్లారేసరికి ముందు రోజులాగే ఉండాలి. పొద్దున్నకి మోకాలు నీరు పట్టిందంటే నిన్నటిది ఎక్కువైంది, సగానికి తగ్గించండి.

టైలర్ దగ్గర దొరికే టేపు ఒకటి కొనుక్కోండి. మోకాలి చిప్ప పై అంచు నుంచి 15 సెంటీమీటర్లు పైకి పెన్నుతో గీత పెట్టి, రెండు తొడల చుట్టుకొలతా నెలకోసారి పుస్తకంలో రాయండి. ఆపరేషన్ అయిన నెలకు నాకు 3 సెంటీమీటర్ల తేడా ఉంది. ఆ అంకె చూసేదాకా నా తొడ అంత కరిగిపోయిందని నేనే నమ్మలేదు.

పరుగు మొదలుపెట్టే ముందు ప్లాస్టిక్ కుర్చీలోంచి ఒంటి కాలితో, చేతులు కట్టుకుని, మోకాలు లోపలికి వాలిపోకుండా లేవండి. మంచి కాలితో ఎన్ని సార్లు లేవగలరో లెక్కపెట్టి, తర్వాత రెండోది. మంచిది ఇరవై, ఇది పన్నెండు అయితే పరుగుకి ఇంకా టైముంది. మామూలుగా మూడు నాలుగు నెలలకన్నా ముందు ఎవరూ ఇక్కడికి రారు. మొదటి పరుగులు రోడ్డు పక్కన చదునైన నేల మీద పెట్టుకోండి. అంతర్వేది, పేరుపాలెం ఇసుకలో పరిగెత్తితే బలం వస్తుందని నమ్మకం ఉంది, మెత్తటి ఇసుకలో పాదం తిరిగిపోతుంది, మొదట్లో వద్దు. కాలువలో నడుము లోతు నీళ్లలో నడిస్తే కాళ్ల మీద పడే బరువు సుమారు సగం అవుతుంది, అది నిజమే, కానీ కాలువలో ప్రవాహమూ అడుగున ఏముందో తెలియని బురదా ఉంటాయి. ఈత కొలను దొరికితేనే చెయ్యండి.

ఆరేడు నెలలకు దూకే పరీక్ష. సుద్దముక్కతో గీత గీసి, ఒంటి కాలితో ముందుకు దూకి అదే కాలి మీద కదలకుండా నిలబడాలి, మూడు సార్లు, అన్నిటికన్నా దూరం రాయాలి. దెబ్బ తిన్న కాలు మంచి కాలు దూకినదానిలో కనీసం 90 శాతం రావాలి. ఇందులో ఒక మోసం ఉంది: మోకాలు బలహీనంగా ఉన్నా తుంటి, చీలమండ పని చేసి దూరం లాక్కొస్తాయి. అందుకే ఫోన్‌లో వీడియో తీయండి, దిగేటప్పుడు మోకాలు మెత్తగా వంగుతోందా, కర్రలా బిగిసి ఉందా చూడండి. కుదిరితే మెషీన్ మీద తొడ బలం కొలిపించుకోండి. ఇంకొకటి, నెలల తరబడి ఆడక మంచి కాలు కూడా నీరసపడి ఉంటుంది, దానికీ వ్యాయామం చేస్తూ ఉంటేనే ఈ కొలత నిజమైన కొలత.

ఇవన్నీ దాటినా తొమ్మిది నెలలలోపు మ్యాచ్ ఆడొద్దు. 2016లో వచ్చిన ఒక పరిశోధనలో తొమ్మిది నెలల దాకా ఆగిన ప్రతి నెలకీ మళ్లీ దెబ్బ తగిలే అవకాశం సుమారు సగానికి పడిపోయిందని తేలింది. పాతికేళ్లలోపు వాళ్లు ఆటకి తిరిగొచ్చాక దాదాపు నలుగురిలో ఒకరికి ఏదో ఒక మోకాలు మళ్లీ తెగుతుంది. జనవరిలో తెగి మార్చిలో ఆపరేషన్ అయితే శివరాత్రి, ఉగాది, ఊరి జాతర అన్నీ వదిలేసి వచ్చే సంక్రాంతిని లెక్కలో పెట్టుకోండి.

చీలమండ, గూడ, వేళ్లు

బెణికిన చీలమండకు రెండో రోజు నుంచే గాల్లో బొటనవేలితో అ నుంచి అః దాకా రాయండి, ఋ ౠ దగ్గర చీలమండ అన్ని వైపులా తిరుగుతుంది. నడవగలిగితే నడవండి. తర్వాత పళ్లు తోముకునేటప్పుడు ఒంటి కాలి మీద నిలబడండి, 30 సెకన్లు తేలికైతే కళ్లు మూసుకుని, అదీ తేలికైతే తమ్ముడిని బంతి విసరమనండి. మెట్టు అంచు మీద ఒంటి కాలితో మడమ ఎన్నిసార్లు లేపగలరో రెండు వైపులా లెక్క చూడండి. ఒకసారి బెణికిన చీలమండ మళ్లీ బెణుకుతుంది, ఆ సీజన్ అంతా బ్రేస్ (చీలమండను పట్టి ఉంచే తొడుగు) వేసుకోండి. మట్టిలో చెప్పుల్లేకుండా ప్రాక్టీసు చేసి, పోటీ మాత్రం బూట్లతో మ్యాట్ మీద ఆడటం ఇంకో చిక్కు. మట్టిలో పాదం జారి దెబ్బని వదిలేస్తుంది, మ్యాట్ వదలదు. పోటీకి ముందు పది రోజులైనా మ్యాట్ మీద ఆడండి.

గూడ జారి పెట్టించుకున్నాక ఒకటి నుంచి మూడు వారాలు స్లింగ్. తర్వాత పాత బైక్ ట్యూబ్ చీల్చి కిటికీ ఊచకు కట్టి, మోచెయ్యి పక్కకు ఆనించి, చేతిని బయటికీ లోపలికీ లాగడం. చెయ్యి తలపైకి, వెనక్కి తీసుకెళ్లే పొజిషన్ మొదటి ఆరు వారాలు మానండి, గూడ అక్కడే జారుతుంది. ఇరవై ఏళ్లలోపు మొదటిసారి జారితే మళ్లీ జారే అవకాశం చాలా ఎక్కువ. రెండోసారి జారాక "అలవాటైపోయిందండి" అని వదిలెయ్యకుండా సర్జన్‌ని కలవండి. చెయ్యి చెయ్యి పట్టుకుని చైన్ కట్టే డిఫెండర్లకు ఈ మాట మరీ ముఖ్యం, ఎందుకంటే రైడర్ మొత్తం బరువు ఆ గూడ మీదే పడుతుంది.

వేళ్లని అందరూ తేలిగ్గా తీసుకుంటారు. రైడర్ నిక్కరు పట్టుకుని లాగినప్పుడు ఉంగరపు వేలు చివర మడవలేకపోతున్నారంటే లోపలి తాడు ఊడి ఉండొచ్చు, అది వారం పది రోజుల్లోపే కుట్టించాలి, నెల తర్వాత వస్తే కుట్టడం కష్టం. వేలి చివర వాలిపోయి పైకి లేవకపోతే స్ప్లింట్‌తో (వేలికి కట్టే గట్టి బద్దతో) ఆరు నుంచి ఎనిమిది వారాలు తిన్నగా ఉంచాలి, స్నానంలో ఒకసారి వాలినా లెక్క మళ్లీ మొదటి నుంచే. అరచెయ్యి ఆనించి పడ్డాక బొటనవేలి మొదట్లో, మణికట్టు గుంటలో నొక్కితే నొప్పి ఉంటే, మొదటి ఎక్స్‌రే బాగున్నా పది పద్నాలుగు రోజులకు మళ్లీ తీయించండి.

తిండి

కొత్త కండకు ప్రొటీన్ కావాలి, రోజుకు ఒంటి బరువు కిలోకి సుమారు 1.6 గ్రాములు. అరవై కిలోల మనిషికి వంద గ్రాములకు దగ్గర. గుడ్డుకు 6 గ్రాములు, వంద గ్రాముల చేపకో రొయ్యలకో దాదాపు 20. పొద్దున్న గుడ్లతో పెసరట్టు, మధ్యాహ్నం పప్పూ చేపల పులుసూ, రాత్రి పెరుగు, మధ్యలో సున్నుండ. మన ఇళ్లలో ఇది కష్టం కాదు, డబ్బా పౌడర్ కొనాల్సిన పని లేదు. ఆట లేదు కదా అని తిండి తగ్గించేవాళ్లు ఉన్నారు, కండ కరిగేది అప్పుడే. సిగరెట్ మానండి, అతుక్కోవడాన్ని అది నిజంగానే ఆలస్యం చేస్తుంది.

మళ్లీ బరిలోకి

పరీక్షలన్నీ దాటాక కూడా నేరుగా మ్యాచ్ కాదు. మొదటి రెండు వారాలు ఎదురుగా ఎవరూ లేకుండా కూత, టో టచ్ (కాలి వేళ్లతో తాకడం), వెనక్కి మలుపు. తర్వాత ఒక్క డిఫెండర్, పట్టుకోడు, దారి మాత్రం మూస్తాడు. ఆ తర్వాత నడుము పట్టు, తొడ పట్టు. చీలమండ పట్టు అన్నిటికన్నా ఆఖరున, అదీ వేగం తగ్గించి. ఈ పద్ధతి మాస్టారికి ముందే చెప్పండి, లేకపోతే జట్టులో ఒకడు తక్కువయ్యాడని ఆ రోజే దింపేస్తారు. ప్రతి ప్రాక్టీసుకు ముందు పావుగంట వార్మప్, వారానికి రెండుసార్లు ఎవరైనా మడమలు పట్టుకుంటే మోకాళ్ల మీద నిలబడి మెల్లగా ముందుకు వాలే నార్డిక్ వ్యాయామం. తొడ వెనక కండ చిరగడాన్ని ఇది ఒక్కటే సుమారు సగానికి తగ్గిస్తుందని పరిశోధనలు చెబుతున్నాయి.

నిజం పట్టుతో మొదటి రోజు నాలుగే నాలుగు కూతలు. ఇంటికి వెళ్లి పడుకోండి. పొద్దున్న లేవగానే, మంచం దిగకముందే, మోకాలి లోపలి పక్కన చేత్తో తుడిచి చూడండి. అల లేకపోతే ఎల్లుండి ఆరు. ఉంటే మళ్లీ ఒక మెట్టు కిందకు దిగి, ఆ సంగతి తేదీతో సహా పుస్తకంలో తొడ కొలతల పక్కనే రాసుకోండి, నా దగ్గరకు వచ్చినా ఇంకే ఫిజియో దగ్గరకు వెళ్లినా ఆ పుస్తకం పట్టుకెళ్లండి.